గాల్లో నిలిచిన నీళ్ళ క్యాను

ఆ ఆదివారం పొద్దున గాలం రీలు విప్పేసరికి లోపల గ్రీసు లేదు.

నా చేత్తో పెట్టిన గ్రీసు. శుక్రవారం సాయంత్రం మూడు బిళ్ళలకూ రెండు పక్కలా వేలితో రుద్ది పట్టించాను. తిప్పినప్పుడు రావాల్సిన కటకట చప్పుడు సరిగ్గా రావడం లేదని, లోపలి చిన్న స్ప్రింగు సరిచేద్దామని మళ్ళీ విప్పాను. చూస్తే బిళ్ళలు తెల్లగా, ఉతికి ఆరేసిన కంబళి ముక్కల్లా ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోలు వాసన.

మాది కోలారు బంగారు గనుల చాంపియన్ రీఫ్స్‌లో, మైను పనివాళ్ళకు వరసగా కట్టిన లైను ఇల్లు. రేకుల కప్పు, ముందు ఒక గది, వెనక వంటిల్లు. ముందు గదిలో కిటికీ కింద నా బల్ల. సముద్రంలో చేపలు పట్టే గాలం రీళ్ళు విప్పి, ఉప్పు కడిగి, నూనె, గ్రీసు పెట్టి మళ్ళీ బిగించడం నా పని. సముద్రం మాకు ఒక రాత్రి బస్సు ప్రయాణమంత దూరం. ఈ పని ఇక్కడికెట్లా వచ్చిందని అందరూ అడుగుతారు. మా తమ్ముడు మునేష్ వల్ల వచ్చింది. వాడు సముద్రం ఒడ్డున మల్పెలో, గాలం వేయడానికి వచ్చే టూరిస్టులను తీసుకుపోయే బోటులో పనిచేస్తాడు. ఉప్పునీళ్ళకు అక్కడ రీళ్ళు ఊరికే పట్టేస్తాయి. ఒకసారి ఇంటికి వస్తూ రెండు పాడైన రీళ్ళు సంచిలో వేసుకొచ్చి, "అక్కా, నువ్వు బీఎస్సీ గదా, చూడు" అన్నాడు. బీఎస్సీలో రీళ్ళ గురించి చెప్పరు. అయినా విప్పాను. అప్పట్నుంచి బస్సు పార్సెల్లో రీళ్ళు వస్తూనే ఉన్నాయి.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. రోజూ బస్సెక్కి కోలారు పోయి చదువుకున్నాను. అందుకేనేమో, ఏ పని పట్టుకున్నా పద్ధతి ప్రకారం చేయకపోతే నాకు నిద్ర పట్టదు. ఏ బిళ్ళకు ఏ గ్రీసు, ఎంత పలచగా, అన్నీ చూసి నేర్చుకున్నాను. రీలులో ముఖ్యమైనది డ్రాగ్. పెద్ద చేప గాలం మింగి పరుగెత్తినప్పుడు దారాన్ని పూర్తిగా వదలకుండా, పూర్తిగా పట్టకుండా, బిగువుగా జారనిచ్చే బ్రేకు అది. దాని లోపల కంబళి లాంటి మెత్తని బిళ్ళలుంటాయి. వాటికి గ్రీసు పెట్టాలి. పొడిగా ఉంటే మొదట్లో బాగానే జారుతాయి. తర్వాత ఉప్పునీళ్ళు పీల్చుకుని, వేడెక్కి, ఒక్కసారిగా కరుచుకుంటాయి.

కిటికీలోంచి బయటికి చూశాను. మా నాన్న, మేం అప్ప అంటాం, అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"అప్పా, ఈ రీలు నువ్వేమన్నా విప్పినావా?"

"విప్పినా."

"గ్రీసు?"

"తుడిచేసినా. పెట్రోల్లో కడిగి ఎండకు పెట్టి, మళ్ళా నువ్వు బిగించినట్టే బిగించినా. ఒక్క స్క్రూ మిగల్లేదు." ఆయన ముఖంలో, మంచి పని చేసి ఎవరికీ చెప్పకుండా దాచుకున్న మనిషి సంతోషం ఉంది. "నీకు చెప్తే బాధపడతావని చెప్పలేదు రత్నా. నువ్వు చదివినదానివి, నీకు నీ పద్ధతి ఉండాది. గానీ బ్రేకు దగ్గర నా మాట వినల్ల."

మా అప్ప నంజుండప్ప మైను మూసేదాకా వైండింగ్ ఇంజన్ దగ్గర బ్రేకు ఫిట్టరు. షాఫ్టు అనే నిలువు గోతిలోకి మనుషుల్ని దించే ఇనప బోను, కేజ్, ఒక పెద్ద ఇనప తాడుకు వేలాడుతుంది. ఆ తాడు చుట్టుకునే డ్రమ్ముకు బ్రేకు ఉంటుంది. ఆ బ్రేకు మా అప్ప చేతిలో. మా తాత మారప్ప అదే షాఫ్టులో, అదే కేజ్‌లో కిందికి దిగేవాడు. "నేను పైన, మా నాయన కింద," అని అప్ప ఎప్పుడూ చెప్తాడు. ఆ మాట చెప్పేటప్పుడు చేతులు లుంగీకి తుడుచుకుంటాడు. షిఫ్టు మొదలయ్యే ముందు బ్రేకు మీద ఎక్కడైనా నూనె చుక్క పడిందేమోనని గుడ్డతో తుడిచి, తుడిచిన గుడ్డను వెలుతురులో పెట్టి చూసేవాడట. గుడ్డ తెల్లగా ఉంటేనే కేజ్ కదిలేది. మైను మూసి ఇన్నేళ్ళయింది. ఇప్పటికీ మా మోపెడు బ్రేకులను ఆయన ఆ గుడ్డతోనే తుడుస్తాడు.

ఇదంతా నాకు తెలుసు. తెలిసే ఆ మాట అడగడానికి భయపడ్డాను.

"మునేష్ రీలు?"

"మొదట తుడిచింది దాన్నే. వాడిదే గదా ముఖ్యం."

నా చేతిలో ఉన్న బిళ్ళ జారి బల్ల కింద పడింది. తీయడానికి వంగాను. వంగినప్పుడు లేవాలనిపించలేదు.

ఆ పొద్దున ఇంకా వెలుగు రాకముందే మునేష్ ఫోను చేశాడు. ఆదివారం బోటుకు సెలవు. సెలవురోజు వాడు ఓనరును అడిగి ప్లాస్టిక్ దోనె ఒకటి తీసుకుని ఒక్కడే తెడ్డు వేసుకుంటూ పోతాడు. వంజరం చేపలు తీరానికి దగ్గరగా వచ్చే రోజులట. "అక్కా, రీలు భలే చేసినావు. గేటుకు కట్టి గుంజి చూసినా. పట్టు ఇనపపట్టు," అన్నాడు. నాకు సంతోషమైంది. ఇనపపట్టు ఎట్లా వచ్చిందని ఆలోచించలేదు.

వాడికొక చెడ్డ అలవాటు ఉంది. పోయిన నెల ఒక చేప వాడి చేతిలోంచి గాలం రాడ్డును లాక్కుపోయింది. అప్పట్నుంచి రాడ్డుకు ఒక తాడు కట్టి, ఆ తాడు కొక్కేన్ని తన లైఫ్ జాకెట్టుకు తగిలించుకుంటాడు. "రాడ్డు పోతే నేనూ పోవాల్సిందే ఇంగ," అని నవ్వుతాడు.

నేను ఫోను తీసుకుని వెనక సందులోకి పోయాను. చేశాను. మళ్ళీ చేశాను. "వ్యాప్తి ప్రదేశద హొరగిద్దారె" అని, సిగ్నలు అందని చోట ఉన్నాడని, కన్నడంలో ఆడగొంతు చెప్పింది. ఎన్నిసార్లు చేసినా అంతే మర్యాదగా చెప్పింది.

మునేష్ గదిలోనే ఉండే నందీశ్‌కు చేశాను. టేకల్ ఊరి అబ్బాయి, అదే బోటులో పని.

"ఏమక్కా ఇంత పొద్దున్నే? రజా రోజు గూడా నిద్రపోనీరా మీ ఇంట్లో?"

"మునేష్ యాడ?"

"వాడు వంజరానికి పెళ్ళిచూపులకు పోయినాడు. తెల్లారకముందే."

"నందీశా, విను. వాడి రీలు డ్రాగ్ చెడిపోయి ఉండాది. పట్టేస్తాది. వాడు తాడు కట్టుకున్నాడు గదా. పెద్ద చేప తగిలితే దోనె తిరగబడతాది. ఎట్లన్నా పోయి చెప్పు, ఆ తాడు విప్పమని చెప్పు. నువ్వు పోగలవా?"

నిద్ర ఎగిరిపోయిన గొంతుతో, "నువ్వే గదక్కా బాగు చేసి పంపింది?" అన్నాడు.

"పో నందీశా."

"ఓనర్ని లేపుతా. చిన్న ఇంజన్ బోటు ఉండాది. ఫోను పెట్టేయ్."

తిరిగి చూస్తే అప్ప సందు మొదట్లో నిలబడి ఉన్నాడు. ఎంత విన్నాడో తెలియదు.

"ఏమైంది?"

"ఏం లేదప్పా."

"కేజ్ కిందుండంగా ఏం లేదని ఎవురూ అనరు. చెప్పు."

చెప్పకుండా ఉండాలనే అనుకున్నాను. ఆయనకు రక్తపోటు. మాత్ర వేసుకున్నాడో లేదో కూడా తెలియదు. కానీ ఆ మాటన్నాక దాచడం నా వల్ల కాలేదు.

"నీ బ్రేకు కేజ్‌ను ఆపాలప్పా. ఈ బ్రేకు ఆపకూడదు. ఊరికే నిదానం చేయాలంతే. చేప గట్టిగా గుంజితే దారం వదలాల. వదలకపోతే ఆ గుంజేదంతా మనిషి మీదికి వస్తాది. గ్రీసు అందుకే పెట్టేది."

"దారం తెగదా?"

"తెగదు. మునేష్‌ను కట్టి వేలాడదీసినా తెగని దారం అది."

ఆయన చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

పోయిన వారం జరిగింది నాకప్పుడు గుర్తొచ్చింది. బిగించిన ప్రతి రీలునూ నేను పరీక్ష చేస్తాను. మా లైను చివర నీళ్ళ ట్యాంకు ఉంది. దాని ఇనపకాళ్ళ మీదికి ఎక్కి, రాడ్డును కమ్మీకి కట్టి, దారం చివర నిండు నీళ్ళ క్యాను తగిలించి వదులుతాను. డ్రాగ్ సరిగ్గా ఉంటే క్యాను ఎక్కడా ఆగకుండా, కుదపకుండా, మెల్లగా నేలకు దిగుతుంది. మునేష్ రీలుకు అట్లా చేస్తున్నప్పుడు అప్ప కింద నిలబడి చూశాడు. పక్కింటి హనుమప్ప తాత కూడా ఉన్నాడు. "ఏమ్మా రత్నా, బావి లేనిచోట బొక్కెన దించుతాండావే," అని నవ్వాడు. అప్ప నవ్వలేదు.

"బ్రేకు వేసినావా?" అన్నాడు.

"వేసినానప్పా."

"మరి దిగుతాండాదే."

"దిగాలప్పా. అట్ల దిగితేనే బాగున్నట్టు."

"ఊ," అన్నాడు. ఆ క్యాను నేలకు తగిలేదాకా కన్ను ఆర్పకుండా చూశాడు. నేను క్యాను చూశాను. ఆయనకు కనిపించింది వేరే. బ్రేకు వేశాక కూడా దిగుతున్న కేజ్, దాంట్లో మనుషులు.

తర్వాత ఎప్పుడో, నేను రేషను కోసం పోయినప్పుడు అయ్యుంటుంది, ఆయన ఆ రీలు విప్పి తుడిచి, తనే ట్యాంకు ఎక్కి క్యాను వేలాడదీసి చూసుకున్నాడు. సందులో నిలబడి ఆ సంగతి ఆయనే చెప్పాడు. "గాల్లో నిలబడింది రత్నా. ఒక్క వేలు గూడా దిగలా. నాకెంత నెమ్మదైందో."

ఫోను మోగలేదు. నేను చేస్తే నందీశ్‌ది కూడా ఆ ఆడగొంతే. వాళ్ళు సముద్రంలోకి పోయారన్నమాట.

అప్ప లోపలికి పోయి బల్ల మీద నుంచి ఆ పొడి బిళ్ళల రీలును తీసుకొచ్చాడు. "ఇది బిగించు," అన్నాడు.

"ఇప్పుడెందుకప్పా?"

"బిగించు. సముద్రం నీళ్ళలో ఉప్పెంత ఉంటాది?"

అమ్మ వంటింట్లో ఉంది. డబ్బాలోంచి గుప్పెడు కల్లుప్పు తెచ్చి బొక్కెన నీళ్ళలో కలిపాను. బిగించిన రీలును ఆ నీళ్ళలో ముంచాను. ఆయన దాన్ని రాడ్డుకు తగిలించి, ట్యాంకు దగ్గరికి తీసుకుపోయాడు. పైకి ఎక్కలేదు. రాడ్డు పిడికి ఒక తాడు కట్టి, తాడు రెండో చివర ట్యాంకు ఇనపకాలికి కట్టాడు. మునేష్ తన ఒంటికి కట్టుకునేంత పొడుగే వదిలాడు. ఆ పొడుగు ఆయన నన్ను అడిగి తెలుసుకున్నాడు.

"పట్టుకో."

నేను రాడ్డు పట్టుకున్నాను. ఆయన దారాన్ని అరచేతికి చుట్టుకుని మైను మట్టి పోసిన సైనైడ్ గుట్ట వైపు నడవడం మొదలుపెట్టాడు. రీలు కటకటమని దారం వదిలింది. బాగానే వదులుతోంది. ఒకసారి ఆగి, వెనక్కి తిరిగి, నా వైపు ఆశగా చూశాడు. నాకూ ఒక్క క్షణం ఆశ కలిగింది. ఆయన వేగం పెంచాడు. ఆ వయసులో పరుగనే చెప్పాలి. రీలు కీచుమంది. ఆ కీచు మధ్యలో ఆగిపోయింది.

రాడ్డు నా చేతుల్లో ఉన్నట్టే ఉంది, మరుక్షణం లేదు. అది ఎగిరిపోయి తాడు చివర ఆగింది. తాడు బిగుసుకుని ఇనపకాలు ఖంగుమంది. అప్ప మోకాళ్ళ మీద పడ్డాడు. దారం అరచేతిలోకి దిగి నెత్తురు కారుతోంది.

హనుమప్ప తాత తన గుమ్మంలోంచి, "నంజుండప్పా, ట్యాంకునే పట్టినావా?" అన్నాడు. నెత్తురు చూసి ఆయన చేతికర్ర తీసుకుని మెల్లగా మా వైపు రాసాగాడు.

అప్ప లేవలేదు. బిగిసిన తాడును, అది కట్టి ఉన్న ఇనపకాలిని చూస్తున్నాడు. "ఇది కదల్లేదు గాబట్టి సరిపోయింది," అన్నాడు. "వాడు కదులుతాడు గదా."

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. నందీశ్. వెనక ఇంజను హోరు, గాలి.

"అక్కా, దోనె కనపడింది."

"వాడు?"

"దోనె బోర్లా ఉండాది అక్కా. తెడ్డు దూరంగా తేల్తాంది. వాడు లేడు. జాకెట్టు గూడా కనపడ్లేదు. ఓనరు ఇంగో రెండు బోట్లకు చెప్పినాడు. చుట్టూ తిరుగుతాండాం. సిగ్నలు పోతాది, మళ్ళా చేస్తా."

ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాను. తీస్తే ఏం చెప్పాలి. అప్ప నన్ను చూస్తున్నాడు. నెత్తురు చేయిని ఇంకో చేత్తో నొక్కి పట్టుకున్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఇంకా ఏమీ తెలియలేదని చెప్పాలనుకున్నాను. ఆయనకు ఎట్లా అర్థమైందో గాని, ముఖం మట్టిరంగుకు తిరిగింది.

"దొరకలేదా?"

"వెతుకుతాండారు."

ఇంటికి వచ్చేసరికి అమ్మ సంగటి ముద్దలు చేసి తట్టల్లో పెట్టింది. అమ్మ పేరు గురువమ్మ. ఎక్కువ మాట్లాడదు. "అప్పాబిడ్డలిద్దరూ పొద్దున్నుంచీ నోటికి బీగం వేసుకున్నారు, సంగటి చల్లారిపోతాంది," అంటూ బయటికి వచ్చి, అప్ప చేతిని చూసింది. తర్వాత నా ముఖం చూసింది. చేతిలోని తట్టను కింద పెట్టింది.

"ఎవురికి?" అంది.

నేను అప్ప వైపు చూశాను.

"మైను సైరను విని ఇంట్లోంచి ఉరికినదాన్నే నేను. ఈ మొహాలు నాకు కొత్త కాదు. మునేషుకా?"

"దోనె తిరగబడిందమ్మా. వెతుకుతాండారు."

అమ్మ అరవలేదు. కొంగు చింపి అప్ప చేతికి కట్టు కట్టసాగింది. కట్టు కడుతూ కడుతూ మధ్యలో ఆగిపోయింది. ఆగిపోయిందని ఆమెకు తెలిసినట్టు లేదు. కొంగు రెండు చివర్లూ చేతుల్లో పట్టుకుని గోడవైపు చూస్తూ ఉండిపోయింది. ఆ ముడి నేను వేశాను.

ఆ తర్వాత ఎంతసేపో చెప్పలేను. ఎండ గుమ్మం దాటి గదిలోకి వచ్చింది. నా బల్ల మీద గ్రీసు డబ్బా మూత తీసి ఉంది, దాన్లో ఒక చీమ దిగబడి కాళ్ళు కొట్టుకుంటోంది. చూడలేక మూత పెట్టాను, పెట్టాక ఇంకా భయమేసింది, మళ్ళీ తీసి అగ్గిపుల్లతో చీమను బయటికి లాగాను. మేమెవరమూ సముద్రాన్ని సరిగ్గా చూసిన వాళ్ళం కాము. మునేష్ పంపిన వీడియోల్లోదే మా సముద్రం. ఆ వీడియోల్లో అది ఎప్పుడూ నవ్వుతూ ఉండేది. ఇప్పుడు నా కళ్ళకు కనిపించేది వేరు. చేప లోతుకు పోతుంది. దారం వదలదు. రాడ్డు దాని వెంట పోతుంది. రాడ్డు వెంట తాడు. తాడు వెంట వాడు. షాఫ్టులోకి దిగినట్టు కిందికి, కిందికి.

అప్ప అదే చూస్తున్నాడని నాకు తెలుసు. గోడకు ఆనుకుని కూర్చుని ఉన్న ఆయన కుడికాలు నేలను తొక్కి పట్టింది. మడమ దగ్గర నరాలు ఉబ్బాయి. వైండింగ్ ఇంజన్ దగ్గర బ్రేకు కాలితో తొక్కేవారేమో నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు. అప్పుడు కూడా అడగలేదు.

"రత్నా," అన్నాడు ఒకసారి. "నువ్వు చెప్పినావు గదా. దిగితేనే బాగున్నట్టు అని. చెప్పినావు."

"చెప్పినానప్పా."

"నాకు వినపడింది. నమ్మలేకపోయినా."

నేను ఆయనతో గట్టిగా మాట్లాడాలనుకున్నాను. ఎందుకు విప్పినావు, ఎందుకు చెప్పలేదు, నా పని మీద నీకు నమ్మకం లేదా, ఇట్లాంటివి చాలా ఉన్నాయి నోట్లో. కానీ వాడి సంగతి తెలియకుండా ఆయన్ని తిడితే, ఆ తిట్టు వాడి మీద పడుతుందేమోనన్న పిచ్చి భయం. నోరు మూసుకున్నాను.

ఫోను మోగినప్పుడు ముగ్గురమూ దాని వైపు చూశాం. ఎవరమూ ముట్టుకోలేదు. చివరికి అమ్మ తీసి నా చేతిలో పెట్టింది.

"అక్కా." నందీశ్ కాదు. ఆ గొంతు బొంగురుగా, సగం నీళ్ళున్నట్టుగా ఉంది. "అక్కా, నేనే."

నేను స్పీకరు నొక్కాను.

"అమ్మ ఉండాదా అక్కడ? అమ్మా, నాకేం కాలేదు. ఏడవొద్దు."

"ఎవురేడుస్తాండారు," అంది అమ్మ, కళ్ళు కారుతుండగానే. "యాడుండావు?"

"బోట్లో. నందీశ్ గాడు చొక్కా కప్పినాడు, దరిద్రపు చెమటకంపు. అక్కా, వంజరం తగిలింది. పెద్దది. మొదట రెండుసార్లు భలే వదిలింది రీలు. తర్వాత ఏమైందో, ఒక్కసారి పట్టేసింది. మర వదులు చేద్దామనేలోపల దోనె తిరగబడింది. తాడు నన్ను కిందికి గుంజుకుపోయింది. కొక్కెం తీద్దామంటే రాలా, అంత బిగుసుకుపోయింది. చెవుల్లో నొప్పి. ఇంగ జాకెట్టే విప్పేసినా. జాకెట్టు, రాడ్డు, రీలు, అన్నీ అట్లే పోయినాయి. పైకి వస్తే దోనె దూరం. వలకు గుర్తుగా కట్టిన థర్మాకోల్ ముక్క ఒకటి దొరికితే దాన్ని పట్టుకుని ఉండినా. ఈత కొట్టే శక్తి లేదు."

వాడు దగ్గాడు.

"అక్కా, రీలు పోయింది. నువ్వంత కష్టపడి చేసింది."

అప్ప ముందుకు జరిగి ఫోను మీదికి వంగాడు. "మునేషా."

"అప్పా."

"ఆ గ్రీసు నేను తుడిచేసినానురా."

అవతల ఇంజను చప్పుడు మాత్రం వినిపించింది.

"మీ అక్క పెట్టింది. నేనే తుడిచేసినా. బ్రేకు జారిపోతాదని. నీ బ్రేకు జారిపోకూడదని."

"జారలేదప్పా," అన్నాడు. "భలే పట్టింది."

అది ఎగతాళో, కోపమో, ఊరికే అన్న మాటో ఇప్పటికీ నాకు తెలియదు. వాడిని అడగలేదు. అప్ప ఆ మాట విన్నాక లేచి బయటికి పోయి, ట్యాంకు ఇనపకాలికి కట్టిన తాడు విప్పడానికి ప్రయత్నించాడు. గాయపడ్డ చేత్తో ముడి రాలేదు. హనుమప్ప తాత పక్కనే కూర్చుని, ఏమీ అడగకుండా, గోళ్ళతో ఆ ముడి విప్పి పెట్టాడు.

మునేష్ కొన్నాళ్ళు ఇంట్లో ఉండి పోయాడు. ఛాతీ మీద జాకెట్టు పట్టీ అచ్చు నల్లగా ఉండేది. అమ్మ పసుపు వేడిచేసి రాసేది. ఇంగ సముద్రం వద్దు, బెంగుళూరులో ఏదైనా చూసుకో అని ఆమె అంటే, "ఊ" అనేవాడు. మా ఇంట్లో ఆ "ఊ"కు అర్థం అందరికీ తెలుసు. మళ్ళీ మల్పె బస్సెక్కాడు. కొత్త రాడ్డు కొన్నాడు. రీలు నేనే సిద్ధం చేసి పంపాను.

ఇప్పుడు గ్రీసు పెట్టేటప్పుడు అప్ప నా పక్కనే కూర్చుంటాడు. ఒకరోజు తనే పెడతానన్నాడు. వేలు డబ్బాలో ముంచాడు, బిళ్ళ దాకా తీసుకొచ్చాడు, అక్కడ ఆ వేలు ఆగిపోయింది. నేను ఆయన మణికట్టు పట్టుకుని బిళ్ళకు ఆనించాను. చిన్నప్పుడు ఆయన నా చేత పలక మీద అక్షరాలు దిద్దించినట్టు, ఆయన వేలిని గుండ్రంగా తిప్పాను. పని అయ్యాక ఆయన ఆ వేలిని గుడ్డతో తుడుచుకుంటూ తుడుచుకుంటూ ఎర్రగా చేసుకున్నాడు. ట్యాంకు ఎక్కి క్యాను దించేటప్పుడు కింద నిలబడేది కూడా ఆయనే. రెండు చేతులూ చాపి, మొహం పక్కకు తిప్పుకుని నిలబడతాడు. క్యాను అరచేతుల్లోకి దిగాక కళ్ళు తెరుస్తాడు.

మొన్న ఆదివారం తెల్లారకముందు మునేష్ ఫోను చేశాడు. దోనె వేసుకుని పోతున్నానన్నాడు. అప్ప నా చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.

"తాడు కట్టుకున్నావా?"

"లేదప్పా. కట్టుకోలేదు. రాడ్డు పక్కన పెట్టినా."

"నిజం?"

"నిజమప్పా."

గాలి చప్పుడు. నీళ్ళు దోనెకు కొట్టుకునే చప్పుడు. ఆ రెండింటి మధ్య టక్కుమని తాడు కొక్కెం జాకెట్టుకు పడిన చప్పుడు. నాకు వినిపించింది. అప్ప చెవి దగ్గరే ఉంది ఫోను, ఆయనకు వినిపించకుండా ఉండదు.

"సరే. నిదానంగా పో," అన్నాడు.

ఫోను నాకిచ్చి, అరుగు మీద ఉన్న క్యాను తీసుకుని కొళాయి దగ్గరికి పోయాడు. ఆ రోజు పరీక్ష చేయాల్సిన రీలేదీ లేదు. బల్ల మీద ఉన్నవన్నీ ముందురోజే చూసేసినవి. నేను ఆ మాట చెప్పాను.

"ఉండనీ," అన్నాడు, క్యాను నిండుతుంటే దాంట్లోకే చూస్తూ. "ఇంగొక్కసారి దించు."